ఎర్రగీత కింద చిన్ని

ఇన్‌స్పెక్షన్‌కి భయపడే రకాన్ని కాదు నేను. పదకొండేళ్ళ నుంచి మాయాబందర్‌లో అంగన్‌వాడీ నడుపుతున్నాను. జీపు వస్తోందని కబురందిన అరగంటలో ఇరవై ఇద్దరు పిల్లల ముక్కులు తుడిచి, తలలు దువ్వి, వరసగా కూర్చోబెట్టి, పేరడిగితే పేరు, రంగడిగితే రంగు చెప్పేలా తయారు చేసేస్తాను. ఇక బరువుల చార్టు సంగతంటారా! అందులో పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, అడుగున ఎరుపు. ఎర్రగీత కిందకి ఒక్క బిడ్డ పడినా సూపర్‌వైజర్ నా ప్రాణం తోడేస్తుంది. అందుకని తక్కువ తూగే పిల్లని చెప్పులతో సహా తూస్తాను. అప్పటికీ చాలకపోతే చేతిలో పెన్ను ఉంది కదా. నా సెంటర్లో ఇన్నేళ్ళలో ఎర్రగీత కింద ఒక్కరు లేరు. మెచ్చుకుంటూ ఇచ్చిన కాగితం గోడకి వేలాడుతోంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఈ డప్పు ఎందుకు కొట్టుకుంటున్నానంటే, పోయిన వానాకాలం నా కూతుర్ని కూడా ఆ చేత్తోనే తయారు చేశాను.

చిన్నికి ఏడేళ్ళు. మాటలు రాలేదు. పిలిస్తే తిరగదు. మా ఆయన దేవేంద్ర పాత వల నుంచి ఊడిన నారింజరంగు బెండు ఒకటి ఎప్పుడూ దాని చేతిలో ఉంటుంది. చెంపకి రాసుకుంటుంది, నేలమీద తిప్పుతుంది, దాన్ని పట్టుకునే నిద్రపోతుంది. బెండు చేతిలో ఉన్నంతసేపూ మా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. దానికి పడనిది ఒక్కటే, ఓడ కూత. మా ఇల్లు జెట్టీకి ఎగువన ఉంది. ఓడ వచ్చి కూత వేసిందంటే చిన్ని మంచం కిందకి దూరి మణికట్టు కొరుక్కుంటుంది. అందుకే ఓడ వచ్చే రోజున మా అత్త అప్పలకొండమ్మ ముందుగానే దాన్ని ఒళ్ళోకి లాక్కుని, చెవులు కొంగుతో మూసి కూర్చుంటుంది.

ఆటిజం అని క్యాంపుకి వచ్చిన డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. ఊళ్ళో బడిలో వేస్తే మూడో రోజుకే పిలిపించి, "వరండాలో కూర్చోబెట్టుకుంటాం, మీకు ఎత్‌రాజ్ లేకపోతే" అన్నారు. నాకు అభ్యంతరమే ఉందని చెప్పి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను. ఇలాంటి పిల్లల కోసం పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక బడి ఉంది. అక్కడ పేరు రాయించి రెండేళ్ళు ఎదురుచూశాం. మే నెలాఖరున ఫోనొచ్చింది. ఈ ఏడు ఆరు సీట్లున్నాయి, చిన్నిది ఆరో పేరు. జూలై ముప్ఫై ఒకటి లోపల మెడికల్ బోర్డు ఇచ్చే వికలాంగుల కార్డు తేవాలి. తేకపోతే సీటు ఏడో పేరుకి పోతుంది.

బోర్డు ముందు కూర్చోబెట్టి పిల్లని చూస్తారనేసరికి నాకు హుషారొచ్చింది. చూసుకోండి మరి, నా తడాఖా అనుకున్నాను.

నాలుగు వారాలు. పొద్దున్న సెంటరుకి వెళ్ళేముందు ఒక గంట, వచ్చాక రెండు గంటలు. కుర్చీలో కూర్చోబెట్టడం, చేతులు ఒళ్ళో పెట్టించడం, మొహంలోకి చూడమనడం. చూస్తే బెండు ఇస్తాను, చూడకపోతే నా చేతిలోనే ఉంచుకుంటాను. ఏడ్చేది. తల నేలకేసి కొట్టుకునేది. నేను కదిలేదాన్ని కాదు.

"ఆ గుంటనెందుకే అలగ కాల్చుకు తింతావు? ఇచ్చీ, దాని బొమ్మ దానికిచ్చీ!" అని అత్త గుమ్మంలోంచి అరిచేది.

"నువ్వూరుకో అత్తా. బడి కావాలా వద్దా?"

"బడి కోసం పిల్లని సంపుకుంతామేటి?"

"చావదులే. నా దగ్గర ఇరవై ఇద్దరు నేర్చుకున్నారు, ఇదొక్కతే నేర్చుకోదా?"

నేర్చుకుంది. అదీ విచిత్రం. రెండో వారానికి కుర్చీ చూడగానే వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. మూడో వారంలో "పేరేంటి" అంటే "చిన్ని" అంది, సగం మింగేసినట్టు. నాలుగో వారంలో ఒక సాయంత్రం బెండు నా పిడికిట్లో పెట్టుకుని, "అమ్మ అను, ఇస్తాను, అమ్మ అను" అని అంటూ ఉంటే, నా కళ్ళలోకి సూటిగా చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అమ్మ" అంది.

బెండు కోసమే అంది, నాకు తెలుసు. ఎందుకోసం అంటే ఏం? ఏడేళ్ళు ఎదురుచూసిన చెవులండీ ఇవి. బెండు దాని చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మీద కూర్చుని ఏడ్చాను. దేవేంద్ర సముద్రం నుంచి రాగానే మళ్ళీ అనిపించాను. అతను తడి లుంగీతోనే నేలమీద చతికిలబడి, "ఇంకోసారి అనిపించవే" అన్నాడు. ఆ సాయంత్రం ఆరుసార్లు అనిపించుకున్నాం. ఆరుసార్లూ బెండు ఇచ్చాం.

జూన్ నెలాఖరున బయల్దేరాం. పొద్దున్నే బస్సెక్కితే అడవి గేటు దగ్గర బండ్ల వరసలో ఆగి, బారాటాంగ్‌లో ఫెర్రీ దాటి, పోర్ట్‌బ్లెయిర్‌లోని బతు బస్తీ చేరేసరికి సాయంత్రం దాటింది. అక్కడ మా ఆడపడుచు నూకరత్నం ఇల్లు. చిన్నికి కొత్త గౌను, రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. "ఏటి వదినా, ఫోటో స్టూడియోకా?" అని నవ్వింది నూకరత్నం. ఆవిడ నాకంటే పెద్దదే అయినా నన్ను వదినా అనే పిలుస్తుంది.

బోర్డులో డాక్టరమ్మ చాలా మంచిది. చిన్ని కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ పేరడిగితే ఆవిడ కళ్ళలోకి చూసి "చిన్ని" అంది. నా గుండె పొంగిపోయింది. తరవాత నన్ను నలభై ప్రశ్నలు అడిగారు. పిలిస్తే పలుకుతుందా? పలుకుతుంది. మనుషుల్లో కలుస్తుందా? కలుస్తుంది మేడమ్. తనని తాను గాయపరచుకుంటుందా? చ, లేదు మేడమ్. చెప్తుంటే నాకే సంతోషంగా ఉంది. గోడ మీది చార్టులో చుక్కలు పెట్టుకుంటూ పోతున్నట్టే ఉంది, ఒక్కటీ కిందకి జారకుండా.

బయట కిటికీ దగ్గర గుమాస్తా కాగితం ఇచ్చాడు. అరవై ఆరు అని ఉంది.

"ఫస్ట్ క్లాసే!" అన్నాను. సిగ్గు లేకుండా అతన్ని చూసి నవ్వాను కూడా.

అతను నా వంకా, పిల్ల వంకా చూశాడు. "దీదీ, ఇది ఉల్టా లెక్క. ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువని. డెబ్బై వస్తేనే కార్డు. మీ బచ్చీ నార్మల్. ముబారక్ హో."

నార్మల్! ఏ డాక్టరైనా ఆ మాట అనకపోతాడా అని ఏడేళ్ళు ఎన్ని దేవుళ్ళకి మొక్కానో. ఇదిగో, ముద్ర వేసి చేతిలో పెట్టారు.

మళ్ళీ లోపలికి పరిగెత్తాను. "మేడమ్, అబద్ధం చెప్పాను. పిల్లకి ఏమీ రాదు. నేను బట్టీ పట్టించాను" అని కాళ్ళమీద పడినంత పని చేశాను. ఆవిడ కుర్చీ ఇచ్చి మంచినీళ్ళు తెప్పించింది. "చూసింది రాశానమ్మా. అప్పీలు పెట్టండి, జూలై ఇరవై ఎనిమిదిన వేరే బోర్డు కూర్చుంటుంది. కానీ ఒకసారి ఔనని, ఇంకోసారి కాదని మీరు చెబితే వాళ్ళు మీ మాట నమ్మరు. పాప ఎలా ఉంటే అదే రాస్తారు" అంది.

బడికెళ్తే ప్రిన్సిపాల్ మేడమ్ కూడా మంచిగానే మాట్లాడింది. ఆ ఏడాది నాకు ఎదురైనవాళ్ళందరూ మంచివాళ్ళే. "ముప్ఫై ఒకటి దాకా ఆపుతాను. ఆ తరవాత నా చేతిలో లేదు. ఏడో పేరు చౌల్దారీ ఊరి పాపది, వాళ్ళ కార్డు తయారుగా ఉంది" అంది.

బతు బస్తీలో అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే నూకరత్నం నా పళ్ళెం పక్కకి జరిపింది.

"ఏడిస్తే కార్డొస్తాదా? ఇటు సూడు. మళ్ళీ కుర్సీ కనబడితే అది బుద్ధిగా కూకుంతాది. కూకుంటే మళ్ళీ నార్మలే రాస్తారు. ఔనా?"

"ఔను."

"మరి కూకోకుండా సెయ్యాల. దానికేటి పడదో నీకు తెలీదా?"

తెలుసు. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది!

మాయాబందర్ తిరిగొచ్చాక నేర్పినది మరిపించడానికి ప్రయత్నించాను. కుర్చీ దాచేశాను, పేరు అడగడం మానేశాను. ఎక్కడ! అదే కుర్చీ వెతుక్కుని వచ్చి కూర్చునేది. నన్ను చూస్తే చాలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని "అమ్మ" అనేది. బెండు చేతిలో ఉన్నా అనేది. వంట చేస్తుంటే వెనకనుంచి వచ్చి అనేది. ముద్దు చెయ్యాలో నోరు మూయాలో తెలియక, పొయ్యి వైపు తిరిగి నిలబడేదాన్ని.

జూలై రెండోవారం వానలో ఓడ వచ్చింది. అత్త చిన్నిని ఒళ్ళోకి లాక్కుంది. నేను గొడుగేసుకుని జెట్టీకి దిగి, ఓడ వెళ్ళిపోయేటప్పుడు ఫోను పైకెత్తి పట్టుకున్నాను. కూత మొత్తం ఫోనులోకి ఎక్కించుకున్నాను. జెట్టీ మెట్ల మీద తాడు చుడుతూ దేవేంద్ర నన్ను చూశాడు. ఓడ పోయాక కూడా చూస్తూనే ఉన్నాడు.

"ఏటది?" అన్నాడు.

"ఏం లేదు మావా."

అతనికి అర్థమైంది. అర్థం కాకపోతే ఇంకోసారి అడిగేవాడు. అడగలేదు, తాడు చుట్టుకున్నాడు. అందుకు అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్క దెబ్బ వేసి ఫోను లాక్కుని సముద్రంలోకి విసిరేసినా బాగుండేది.

ఇరవై ఎనిమిదిన అత్త కూడా మాతో వచ్చింది, వద్దన్నా వినలేదు. బోర్డు గది బయట పొడుగాటి బెంచీ. మా ముందు ఇద్దరున్నారు. రెండోవాళ్ళు కూడా లోపలికి వెళ్ళాక, చిన్ని చేతిలోంచి బెండు తీసి సంచీలో పెట్టాను.

అది ఏడవలేదు. నా వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నా కళ్ళలోకి చూసి, "అమ్మ" అంది.

ఇవ్వలేదు.

తను సరిగ్గా అనలేదనుకుంది కాబోలు. ఇంకొంచెం గట్టిగా, విడదీసి, "అమ్... మ" అంది. అప్పుడు నేను ఫోను తీసి దాని చెవి దగ్గర పెట్టాను.

ఒక్కసారిగా దాని ఒళ్ళంతా బిగుసుకుపోయింది. అయినా బెంచీ మీంచి లేవలేదండీ. నేర్పాను కదా. చేతులు ఒళ్ళోనే అదిమిపెట్టుకుని నా మొహంలోకి చూస్తూ అమ్మ, అమ్మ, అమ్మ అంటూనే ఉంది. అలా అంటే ఏదైనా ఇస్తానని నేనే కదా చెప్పింది.

"అడుగుతోంది కదే దుర్గా," అంది అత్త. అరవలేదు, బతిమాలింది. "అమ్మా అని అడుగుతోంది కదే, ఇచ్చీవే."

కూత అయిపోయింది. రెండోసారి పెట్టాను.

అప్పుడు చిన్ని మాట ఆపేసింది. మణికట్టు నోట్లో పెట్టుకుంది. లోపల్నుంచి మా పేరు పిలిచారు.

గదిలో పన్నెండు నిమిషాలున్నాం. కుర్చీ కింద పడింది, బల్ల మీది కాగితాలు చిందరవందరయ్యాయి, ఒక డాక్టరు లేచి తలుపు దాకా వెనక్కి వెళ్ళాడు. ప్రశ్నలు అవే నలభై. ఈసారి ఒక్క అబద్ధం ఆడాల్సిన పని పడలేదు. తనని తాను గాయపరచుకుంటుందా అని అడగనే లేదు, చూసి రాసుకున్నారు. నర్సమ్మ మణికట్టుకి కట్టు కట్టింది.

నూట పన్నెండు వచ్చింది. గుమాస్తా అదే అబ్బాయి. ఈసారి ముబారక్ అనలేదు.

బెంచీ దగ్గరికి రాగానే బెండు తీసి దాని చేతిలో పెట్టాను. పట్టుకోలేదు. కింద పడి దొర్లిపోయింది. మళ్ళీ తీసి ఇచ్చాను, మళ్ళీ వదిలేసింది. అత్త వంగి, బెంచీ కిందనుంచి తీసి, చీరకి తుడిచి అందించింది. నానమ్మ చేతిలోంచి తీసుకుంది.

కార్డు ఇరవై తొమ్మిది సాయంత్రం చేతికొచ్చింది. ముప్ఫైన బడికెళ్తే వరండాలో ఒకతను ఫైలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక పిల్ల ముందుకీ వెనక్కీ ఊగుతోంది. చౌల్దారీ నుంచి వచ్చానని, పేరు పైడిరాజని అతనే చెప్పాడు. రోజూ వచ్చి కనుక్కుని వెళ్తున్నాడట.

"మాయాబందర్ వాళ్ళు మీరేనా దీదీ? కార్డొచ్చిందా?"

"వచ్చింది."

"అచ్ఛా," అన్నాడు. ఫైలు మూసి చంకలో పెట్టుకుని, "మంచిది. మీరు దూరం నుంచి వస్తున్నారు కదా" అన్నాడు. పిల్లని ఎత్తుకుని స్కూటరు ముందు నిలబెట్టుకున్నాడు. ఆ పిల్ల మా చిన్ని కంటే చిన్నది. వాళ్ళు గేటు దాటేదాకా చూసి లోపలికి వెళ్ళి కార్డు ఇచ్చాను. సీటు ఇచ్చారు.

ఉద్యోగం వదిలేసి చిన్నితో బతు బస్తీలో ఉండాలని అనుకున్నాను. రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నాను కూడా. కానీ మూడు రోజులు అది నా చేతి ముద్ద తినలేదు. నేను పక్కన పడుకుంటే లేచి వెళ్ళి గోడ వారగా కూర్చునేది. నాలుగో రోజు అత్త నా బట్టలు సంచీలో సర్దేసింది.

"నువ్వెళ్ళు. నేనుంతాను దీనితో. అక్కడ దేవేంద్రకి కూడా ఎవరో ఒకరు వండాల కదా."

"అత్తా, నేను దాని కోసమే కదా..."

"ఎవురి కోసమో నాకు తెలుసు. ఇప్పుడు నువ్వెళ్ళు."

తిట్టినా పోయేది. ఆవిడ నన్ను అప్పుడూ తిట్టలేదు, ఇప్పటిదాకా తిట్టలేదు. ఇప్పుడు మాయాబందర్ ఇంట్లో నేనూ దేవేంద్రా ఇద్దరమే. ఓడ వచ్చిన రోజు కూత వినబడగానే ఇద్దరం మంచం కిందకి చూస్తాం. ఆ తరవాత అతను బయటికి వెళ్ళిపోతాడు.

సెప్టెంబరు చివర తల్లిదండ్రులని రమ్మన్నారు. మళ్ళీ ఆ అడవి గేటు, ఆ ఫెర్రీ, అంతా చేసి వెళ్ళాను. క్లాసు గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చిన్ని కుర్చీలో కూర్చుంది. టీచరు సుష్మ దాని పేరడిగితే ఆమె కళ్ళలోకి చూసి "చిన్ని" అని స్పష్టంగా చెప్పింది. "పానీ" అని అడిగి నీళ్ళు తాగింది. మణికట్టు మీద గాయం మానిపోయింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాను.

అది నన్ను చూసింది. బెండుని గబగబా గౌనులోకి తోసేసుకుని, పైనుంచి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

నేను వెనక్కి తగ్గి వరండాలోకి వచ్చేశాను. కాసేపటికి సుష్మ ఒక ఫారం పట్టుకుని వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, ఇరవై నాలుగు ఉంటాయేమో.

"దీదీ, మీ చిన్ని బహుత్ అచ్ఛా చేస్తోంది, సచ్చీ! ఎనిమిది మాటలొచ్చాయి. నానమ్మ అంటోంది, దీదీ అంటోంది. ఒక్కటే నాకు సమజ్ అవట్లేదు. అందరు పిల్లలకీ మేం ఫస్ట్ 'అమ్మ' నేర్పిస్తాం కదా. ఈమెకి అమ్మ బొమ్మ చూపించి అమ్మ అను అంటే రెండు చెవులూ మూసేసుకుంటుంది. చెయ్యి కొరుక్కుంటుంది. ఇంట్లో ఏమైనా అయ్యిందా దీదీ, దానికి డర్ లగేలా? తెలిస్తే దాన్ని బట్టి నేను చెప్పించుకుంటాను. ఫారంలో రాయాలి కూడా."

ఫారం నా ముందు పెట్టింది. ఇంటి దగ్గర పిల్ల భయపడిన సంఘటన ఏదైనా ఉంటే వివరాలు అని ఒక గడి, దాని పక్కన నాలుగు ఖాళీ గీతలు. చెప్పేస్తే బాగుండు అనుకున్నాను. ఈ అమ్మాయికి చెబితే ఏదో ఒక దారి చూపిస్తుంది, నా బిడ్డ నోట ఆ మాట మళ్ళీ రావచ్చు. నోటిదాకా వచ్చింది. చెబితే ఆ కార్డు ఎలా వచ్చిందో చెప్పాలి. కార్డు పోతే సీటు పోతుంది.

"ఏం లేదమ్మా. ఇంట్లో అంతా బాగానే ఉంటుంది," అన్నాను.

"పక్కా?"

"పక్కా."

సుష్మ గడిలో 'ఏమీ లేవు' అని రాసి పెన్ను నాకిచ్చింది. లోపల చిన్ని పానీ, పానీ అంటోంది. నేను సంతకం పెట్టాను.